మొదటి పిలుపుకు ఎవరూ రారు

గురువారం పొద్దున్న మిరెల్లా మందుల షాపుకు బయల్దేరి లిఫ్టు దిగేసరికి, వాళ్ళమ్మ తితీనా హాల్లో పాలరాతి నేల తుడుస్తోంది. అది రోజూ చూసేదే. కానీ వెనకాల వాచ్‌మన్ గది తలుపు బార్లా తెరిచి ఉంది. మంచం మీద రాగి గిన్నెలు పరిచి ఉన్నాయి. కొన్నిటిని అప్పటికే పాత పేపర్లలో చుట్టేసింది. గోడ మీద ఊరిని కాచే పుణ్యపురుషుడు సాన్ జెన్నారో పటం ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ మాత్రం మిగిలింది.

"ఏంటమ్మా, గిన్నెలన్నీ దించేశావ్?"

"బూజు దులుపుదామని."

"నీ గిన్నెలకి బూజా? వాటిల్లో చూసుకుని తల దువ్వుకోవచ్చు."

"సరేలే, పని కల్పించుకున్నాననుకో. నీకు ఆలస్యం కావట్లా?"

"సాన్ జెన్నారో ఏడీ?"

"ఆయన్నీ దులపాలిగా." తితీనా గుడ్డను బకెట్లో ముంచి పిండింది. తలెత్తకుండానే ఇంకో మాట అంది. "నువ్వేం మనసులో పెట్టుకోకు తల్లీ. నేనేం అనుకోవట్లేదు."

"దేని గురించి?"

"ఏం లేదు. పో, పో. తడి మీద నడవకు, జారతావ్."

మిరెల్లాకు ఆ మాట కాస్త వింతగా అనిపించింది. కానీ షాపు తాళాలు తన సంచిలోనే ఉన్నాయి, బస్సు వచ్చే వేళయింది. సాయంత్రం అడుగుదాంలే అనుకుని గబగబా బయటికి నడిచింది.

నేపుల్స్‌లో ఖరీదైన పేట ఏదని ఎవర్నడిగినా ముందు పొసిల్లిపో పేరే చెబుతారు. కియాయా లాంటి పేటలైనా దాని తర్వాతే. ఇక్కడ ఇల్లు కొనేవాళ్ళు గదులు ఎన్నని తర్వాత అడుగుతారు, ముందు కిటికీ దగ్గరికి వెళ్తారు. కిటికీలోంచి సముద్రం కనపడాలి, సముద్రం అవతల వెసూవియో కొండ కనపడాలి. ఆ రెంటికీ కలిపి చెప్పే ధర వింటే మామూలు మనిషికి కళ్ళు తిరుగుతాయి. అలాంటి భవనంలో, అలాంటి వీధిలో, పెళ్ళయిన నాటి నుంచీ కాపురమున్న తితీనా గదికి మాత్రం సముద్రం లేదు. ఆవిడ ఒక్క కిటికీ లోపలి పెరట్లోకి తెరుచుకుంటుంది. ఎదురుగా గోడ, గోడ నిండా పైపులు, తలెత్తితే పై అంతస్తుల వంటింటి కిటికీలు. భర్త వాచ్‌మన్‌గా చేసేవాడు. ఆయన పోయాక ఆ పని ఈవిడ చేస్తోంది. జీతం కన్నా ఆ గదే ఆవిడకు ఆధారం.

మిరెల్లా ఆ గదిలోనే పుట్టింది. నాలుగో అంతస్తులోని రెనాతో అనే కుర్రాణ్ణి ప్రేమించి పెళ్ళి చేసుకుంది. ఆ రోజుల్లో భవనం మొత్తం చెవులు కొరుక్కుంది. ఇప్పుడు నాలుగో అంతస్తులో అత్తగారు దొన్న లివియాతో కలిసి ఉంటోంది. ఫ్లాటు అత్తగారి పేరు మీదే ఉంది. వియ్యపురాళ్ళిద్దరూ ఒకే కప్పు కింద ఉన్నా, ఒకరు సముద్రం వైపు, ఇంకొకరు గోడ వైపు. ఇద్దరి మధ్యా రాకపోకలన్నీ ఒక బుట్ట ద్వారా జరుగుతాయి. పొద్దున్నే దొన్న లివియా వంటింటి కిటికీలోంచి తాడు కట్టిన బుట్ట పెరట్లోకి దింపుతుంది. కింద తితీనా అందులో రొట్టె, పేపరు, ఒక్కోసారి మందులు పెడుతుంది. సముద్రం వైపు బుట్టలు దింపితే భవనం పరువు పోతుందట. పెరటి వైపు ఎవరూ చూడరు కాబట్టి ఫరవాలేదు.

మిరెల్లా గేటు దాటుతుండగా పై అంతస్తు ఇంజనీరు కపెచె కుక్కను తిప్పి తీసుకొస్తూ ఎదురయ్యాడు. టోపీ ఎత్తి మరీ పలకరించాడు.

"మీ ఇంట్లోవాళ్ళని మెచ్చుకోకుండా ఉండలేనమ్మా. సొంతమనిషి విషయమైనా సరే, భవనం మేలు ఆలోచించారు. అందరికీ ఆ పెద్ద మనసు ఉండదు."

"ఏ విషయం ఇంజనీరుగారూ?"

"అదే, వాచ్‌మన్ ఏర్పాటు తీసేయడం. ఈ కాలంలో వాచ్‌మన్ ఎందుకు? గేటుకి కెమెరా పెట్టిస్తాం. ఆ గదిని టూరిస్టులకు అద్దెకిచ్చే కంపెనీ వాళ్ళు కొంటామంటున్నారు. సముద్రం కనపడకపోయినా పొసిల్లిపో అంటే చాలు, ఎగబడి వస్తారు. మీ అత్తగారు తన ఓటు నాకు అప్పగించేశారుగా. మీకు తెలీదా?"

కుక్క మిరెల్లా చెప్పులు వాసన చూస్తోంది. ఇంజనీరు మళ్ళీ టోపీ ఎత్తి, ఇందాక తితీనా తుడిచిన తడి నేల మీద కుక్క కాళ్ళ గుర్తులు వేయించుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ పూట కొండ దిగువన మెర్జెల్లీనాలోని మందుల షాపులో మిరెల్లా ఒక ముసలాయనకు దగ్గు మందు బదులు కీళ్ళ మందు ఇచ్చింది. ఆయనే చూసుకుని తిరిగిచ్చేశాడు. ఎవరు ఏమడిగినా ఆమెకు ఇంజనీరు గొంతే వినిపిస్తోంది. పెద్ద మనసట! ఒక మనిషిని బతుకంతా గోడ చూస్తూ కూర్చోబెట్టి, ఆ గోడకు కూడా గిరాకీ వచ్చేసరికి లేచి పొమ్మనడానికి పెద్ద మనసు కావాలట. మధ్యాహ్నం షాపు మూయగానే బస్సు కోసం ఆగలేదు. ఎండలో ఎత్తంతా కాళ్ళు పీకేలా ఎక్కింది. వాచ్‌మన్ గది ముందు కూడా ఆగకుండా నేరుగా నాలుగో అంతస్తుకు వెళ్ళింది.

గురువారం న్యోక్కి తినడం ఆనవాయితీ కాబట్టి బల్ల మీద అవే ఉన్నాయి. బంగాళాదుంప ఉండల మీద ఎర్రటి టొమాటో సాస్ పొగలు కక్కుతోంది. కోర్టు నుంచి అప్పుడే వచ్చిన రెనాతో చొక్కాకి మరకలు పడకుండా మెడలో గుడ్డ కట్టుకున్నాడు. దొన్న లివియా వడ్డిస్తోంది.

"అత్తయ్యా, మా అమ్మని వెళ్ళగొట్టే కాగితం మీద సంతకం పెట్టారా?"

గరిట గాల్లో ఆగింది. "ముందు కూర్చో. చల్లారితే జిగురైపోతాయి."

"పెట్టారా, లేదా?"

"పెట్టాను. ఏటా పెడతాను. ఆ మీటింగులకు ఎవరు పోతారు? అరుపులూ, కేకలూ, పాత పగలూ. ఇంజనీరుగారికి అప్పగిస్తే ఆయనే చూసుకుంటారు."

"ఈసారి దేని గురించో చదివారా?"

"చదివాను, లిఫ్టులో నోటీసు."

రెనాతో మెడలోని గుడ్డ లాగేశాడు. "ఎవరిని వెళ్ళగొట్టడం? ఏం జరుగుతోంది ఇక్కడ?"

"నీకు తెలీదా?"

"ఒట్టు, తెలీదు. లిఫ్టులో నోటీసు చూశాను. ఎప్పుడూ ఉండే నోటీసేగా అనుకున్నా."

"లాయరువి! ఊళ్ళోవాళ్ళ కాగితాలు రాత్రి దాకా చదువుతావు. నువ్వెక్కే లిఫ్టులో నీ ముక్కు ముందు అంటించింది చదవ్వు." మిరెల్లా తలుపు వైపు వేలు చూపించింది. "మా అమ్మ రోజూ ఆ లిఫ్టు తలుపులు తుడుస్తుంది. అద్దంలో నీ మొహం నీకు బాగా కనపడాలని."

"అరవకు" అంది దొన్న లివియా. "వంటింటి కిటికీ తీసి ఉంది."

"ఉండనీండి! భవనమంతా విననీండి. మీరు మాట్లాడేవన్నీ ఇంతకాలం ఆ పెరట్లోంచి మా అమ్మ విని నోరు మూసుకుంది. ఈ ఒక్క రోజు మావి మీరు వినండి."

దొన్న లివియా గరిట గిన్నెలో పెట్టి కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఆవిడ కోపం వచ్చినప్పుడు గొంతు పెంచదు, ఇంకా తగ్గిస్తుంది.

"నేను చేసింది నీ కోసమే. రేపు నీ కూతురు బియాంకా పెద్దదవుతుంది. మంచి ఇంటి పిల్లాడు వస్తాడు. వాళ్ళవాళ్ళు గేట్లో అడుగు పెట్టగానే బకెట్టు పట్టుకుని పిల్ల అమ్మమ్మ ఎదురు రావాలా? ఆ వయసులో ఆవిడకి మాత్రం ఎందుకీ చాకిరీ? ఊరి చివర పోంతిచెల్లిలో చెల్లెలు ఉందిగా. హాయిగా అక్కడ ఉంటుంది."

"చెల్లెలింట్లో సోఫా మీద పడుకుంటుంది. దాన్ని మీరు హాయి అంటారు."

"నేను మాత్రం..."

"ఈ సాస్ ఎవరు చేశారు అత్తయ్యా?"

దొన్న లివియా పళ్ళెం వైపు చూసింది. సాస్ పొద్దున తితీనా పంపింది. గిన్నె మీద మూత జారకుండా గుడ్డ కట్టి మరీ బుట్టలో పెట్టింది.

"చెప్పండి. మీకు పనికొచ్చేంత వరకూ పెరటి వైపు ఆవిడ కావాలి. సముద్రం వైపు మాత్రం కనపడకూడదు. అంతేగా? బుట్ట దింపినంత తేలిగ్గా మనిషిని కూడా దించేద్దామనుకున్నారు."

"మాటలు మీరుతున్నావ్. ఆవిడకి లేని బాధ నీకెందుకు? ఆ కాగితం పైకి తెచ్చిందే మీ అమ్మ. ప్రతి ఏడూ ఇంటింటికీ తిరిగి అవి పోగుచేసేది ఆవిడేగా. నా దగ్గర కళ్ళజోడు లేకపోతే ఎక్కడ సంతకం పెట్టాలో వేలు పెట్టి చూపించింది. పెన్ను కూడా తనే ఇచ్చింది. ఒక్క మాట అనలేదు."

మిరెల్లా గిరుక్కున తిరిగింది. కుర్చీ తగిలి పడిపోయినా వెనక్కి చూడకుండా తలుపు తీసుకుని మెట్లన్నీ దిగి కిందికి పరిగెత్తింది.

తితీనా గదిలో కూర్చుని చిక్కుళ్ళు వలుస్తోంది. కూతురి మొహం చూడగానే సంగతి అర్థమైంది. ఒళ్ళోని చిక్కుళ్ళు జాగ్రత్తగా గిన్నెలోకి వంపింది.

"నువ్వే తీసుకెళ్ళావా అమ్మా? నిన్ను గెంటేసే కాగితాలు నువ్వే ఇంటింటికీ తిప్పావా?"

"అది నా పని తల్లీ. ఈ ఏడు నాకు నచ్చలేదని మానేస్తానా?"

"నాకు చెప్పొచ్చుగా! షాపుకి వస్తే? ఫోన్ చేస్తే? పొద్దున అడిగాను కదా, గిన్నెలు ఎందుకు దించావని అడిగాను కదా!"

తితీనా గిన్నె కింద పెట్టింది. తర్వాత మెల్లగా, తప్పు చేసినట్టుగా అంది.

"నీకు తెలుసనుకున్నా."

"ఏం తెలుసు?"

"మీ ఇంటి సంతకం కదా. మీరంతా అనుకునే పెట్టారనుకున్నా. నువ్వు కూడా సరే అన్నావనుకున్నా." చేతులు ఆప్రాన్‌కు తుడుచుకుంది. "దాంట్లో తప్పేముందిలే. నీకు మాత్రం ఎన్నాళ్ళు ఇబ్బంది? వచ్చేపోయేవాళ్ళ ముందు..."

మిరెల్లా గుమ్మం పట్టుకుంది. అమ్మ అలా ఎలా అనుకోగలిగిందని ఒళ్ళు మండింది. మరుక్షణమే, ఎందుకు అనుకోకూడదని తన మీదే మండింది. బియాంకా చర్చిలో మొదటిసారి ప్రసాదం తీసుకున్న కమ్యూనియన్ పండుగ రోజు గుర్తొచ్చింది. పైన సముద్రం వైపు టెర్రస్ మీద చుట్టాలూ, స్నేహితులూ, తెల్ల బల్లగుడ్డలూ. అమ్మ అడగకుండానే కాఫీ ట్రే పట్టుకుని అందరికీ పంచింది. మిలాన్ నుంచి వచ్చిన ఒకాయన, పనిమనిషి అనుకుని, కప్పు తీసుకుని ట్రేలో ఒక నోటు పెట్టాడు. అమ్మ "థాంక్స్ సార్" అంది. మిరెల్లా అదంతా చూసింది. ఆవిడ మా అమ్మ అని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ తను మొహం తిప్పుకుని సముద్రం వైపు చూసింది. అమ్మ కూడా అది చూసింది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఎత్తలేదు, అంతే.

"అమ్మా, నేను ఒప్పుకోలేదు. సాన్ జెన్నారో మీద ఒట్టు, నాకు తెలీనే తెలీదు." మిరెల్లా చిన్నపిల్లలా నేల మీద కూలబడి తల్లి ఒళ్ళో మొహం పెట్టుకుంది. "కానీ నువ్వు అలా అనుకునేలా చేసింది నేనే."

తితీనా కూతురి జుట్టు సవరిస్తూ "ఏడవకు, ఆప్రాన్ తడుస్తుంది" అంది.

గుమ్మంలో రెనాతో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. చేతిలో లిఫ్టు గోడ మీంచి పీకిన నోటీసు ఉంది.

"మీటింగ్ ఎప్పుడో చూశావా?" అన్నాడు భార్యతో.

"శనివారం సాయంత్రం. అప్పటికి అందరి ఓట్లూ ఇంజనీరు జేబులో ఉంటాయి."

"అది రెండో పిలుపు. మొదటి పిలుపు రేపు పొద్దున ఆరింటికి. ఇక్కడే, ఈ హాల్లో."

"మొదటి పిలుపుకు ఎవరొస్తారు? పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ ఒక్కరు రావడం చూళ్ళేదు. భవనం మేనేజరు కూడా రాడు. ఇంట్లో పడుకునే 'ఎవరూ రాలేదు' అని రాసుకుంటాడు."

"ఎవరూ రాకూడదనేగా తెల్లారగట్ట పెట్టేది? రెండో పిలుపుకి కొంతమంది చాలు. మొదటి దానికి యజమానుల్లో మూడింట రెండు వంతులు రావాలి. వస్తే మాత్రం ఆ నిర్ణయమే నిర్ణయం, ఇక రెండో మీటింగు లేదు. మనిషి ఎదురుగా ఉంటే అతని ఓటు ఇంకొకరు వేయడం కుదరదు." రెనాతో నోటీసు మడిచి జేబులో పెట్టుకున్నాడు. తల వంచుకుని తితీనాతో అన్నాడు. "చదవాల్సింది అత్తయ్యా. చదవలేదు. నన్ను తిట్టండి."

"తిట్టడానికి ఓపిక లేదు నాయనా" అంది తితీనా. "పైకెళ్ళి ముందు అన్నం తిను. ఆ సాస్ మళ్ళీ వేడి చేస్తే బాగోదు."

ఆ సాయంత్రం మిరెల్లా ఒక్కో అంతస్తూ ఎక్కి తలుపులు తట్టింది. బతిమాలుదామనే వెళ్ళింది. కానీ మొదటి తలుపు దగ్గరే గొంతు దానంతట అది పెరిగింది. చాలామంది ఆ కాగితంలో ఏముందో చదవలేదు. "పైపుల రిపేరు అనుకున్నాం" అన్నారు పియానో నేర్పే అక్కాచెల్లెళ్ళు. "తితీనాని తీసేస్తారా? నా తాళాలు ఎవరి దగ్గర ఉంటాయి?" అని పళ్ళ డాక్టరు కంగారుపడ్డాడు. రెండో అంతస్తు రిటైర్డ్ జడ్జిగారు అంతా విని, "ఆరింటికా? నేను నాలుగింటికే లేస్తాను, ఎవరూ మాట్లాడేవాళ్ళు లేక చస్తున్నాను" అన్నారు. ఇంకో ఇంటాయన మాత్రం, ఆ గది అమ్మితే మనందరికీ తలా ఇంత వస్తుంది కదా అని నసిగాడు. అతనితో ఏం మాట్లాడిందో మిరెల్లాకే గుర్తులేదు. తలుపు మాత్రం గట్టిగా వేసుకున్నాడు.

నాలుగో అంతస్తులో దొన్న లివియా తన గది గడియ పెట్టుకుంది. మిరెల్లా ఆ తలుపు తట్టలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా హాల్లోకి మనుషులు దిగడం మొదలైంది. జడ్జిగారు పైజామా మీద ఓవర్‌కోటు వేసుకొచ్చారు. అక్కాచెల్లెళ్ళు జుట్టుకు క్లిప్పులతోనే వచ్చారు. పళ్ళ డాక్టరు భార్యను నిద్ర మొహంతోనే లాక్కొచ్చాడు. తితీనా తలుపు తీసి ఆ గుంపును చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది.

"మడోన్నా! నా కోసం ఇంతమందిని నిద్ర లేపావా? సిగ్గులేదూ నీకు?" అని కూతుర్ని కసిరింది. వెంటనే లోపలికి పోయి కాఫీ పెట్టింది. ట్రే నిండా చిన్న కప్పులతో బయటికి వచ్చేసరికి మిరెల్లా ఎదురెళ్ళింది.

"ఇలా ఇవ్వు. నువ్వు కూర్చో."

"నేను ఇస్తాలే..."

"అమ్మా, కూర్చో."

తల్లి చేతుల్లోంచి ట్రే తీసుకుని మిరెల్లా ఒక్కొక్కరికీ కాఫీ పంచింది. తితీనాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

లెక్క చూస్తే ఇంకొక ఇల్లు తక్కువైంది. ఇంజనీరు కపెచె సిల్కు గౌనులో మెట్లు దిగి వచ్చాడు గానీ, హాల్లోకి అడుగు పెట్టలేదు. తను లోపలికి వస్తే లెక్క సరిపోతుందని ఆయనకు తెలుసు. ఆఖరి మెట్టు మీదే నిలబడి చేతులు ఊపాడు.

"ఏమిటీ గోల? ఇది మొదటి పిలుపు! మొదటి పిలుపుకు ఎవరూ రారు!"

"వచ్చాంగా" అన్నారు జడ్జిగారు.

"సరిపోరు. లెక్కపెట్టుకోండి, సరిపోరు. నాలుగో అంతస్తు ఓటు నా దగ్గరుంది."

"ఆ ఫ్లాటుకి యజమాని నువ్వా?" అని జడ్జిగారు రెనాతో వైపు తిరిగారు. రెనాతో తల అడ్డంగా ఊపాడు. ఫ్లాటు అమ్మ పేరు మీద ఉంది. హాల్లో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తితీనా లేచి నిలబడింది.

"చాలండి. మీరు వచ్చారు, అదే పదివేలు. అందరూ పైకెళ్ళి పడుకోండి. గిన్నెలు ఎలాగూ సర్దేశాను."

అప్పుడు లిఫ్టు దిగిన చప్పుడైంది. తలుపులు తెరుచుకుని దొన్న లివియా బయటికి వచ్చింది. నీలం గౌను వేసుకుంది, మెడలో ముత్యాలు ఉన్నాయి, చేతిలో బుట్ట ఉంది. ఆవిడను తల దువ్వుకోకుండా చూడటం భవనంలో అందరికీ అదే మొదటిసారి. ఇంజనీరు ఊపిరి పీల్చుకుని "దొన్న లివియా, మీరైనా చెప్పండి" అన్నాడు.

"చెప్పడానికే దిగాను. నా సంతకం నాకు తిరిగి ఇవ్వండి."

"అదేంటి? నిన్న మొన్నటిదాకా..."

"నిన్న మొన్నటిదాకా నాకు ఒకటి తెలీదు." ఆవిడ బుట్టను అందరికీ కనపడేలా ఎత్తింది. అందులో రొట్టె ఉంది. గొంతు మామూలు కన్నా తగ్గింది. అందరూ వినడానికి దగ్గరికి జరిగారు. "నేను సంతకం పెట్టాక ఈవిడ నాకు ఎలాంటి రొట్టె పెడుతుందా అని చూశాను. ఏ నిన్నటిదో, మెత్తబడిందో పెడుతుందిలే అనుకున్నాను. నేనైతే అదే చేసేదాన్ని. ఇదిగో, ఇవాళ మీరంతా దిగకముందే తెచ్చి పెట్టింది, ఇప్పుడే తాడు లాగాను. రొట్టె చివర బాగా కాలిన మూల ముక్క. పన్ను పోయినా నాకు అదే ఇష్టం. సంతకం రోజు నుంచీ రోజూ మూల ముక్కే పెట్టింది. మూలలు రెండే ఉంటాయి రొట్టెకి. రోజూ నా కోసం ఎవరితో పోట్లాడి తెస్తోందో."

"బేకరీ వాడితో" అంది తితీనా, ఏం చెప్పాలో తోచక.

ఇంజనీరు మెట్టు మీద అసహనంగా కదిలాడు. "ఇది యజమానుల మీటింగు. బయటివాళ్ళు ఉండకూడదు. తితీనా, నువ్వు లోపలికి వెళ్ళు."

దొన్న లివియా ఆయన వైపు తిరిగింది. ఇన్నేళ్ళ కాపురంలో మిరెల్లా మొదటిసారి అత్తగారు గొంతు పెంచడం విన్నది.

"బయటివాళ్ళెవరు? ఈవిడ నా వియ్యపురాలు. నా మనవరాలికి అమ్మమ్మ. మీ కుక్క కాళ్ళ గుర్తులు తుడిచే మనిషి. ఎక్కడికీ వెళ్ళదు. వదినా, కూర్చో."

తితీనా కూర్చుంది. జడ్జిగారు కళ్ళజోడు సవరించుకుని, లెక్క సరిపోయిందని ప్రకటించి, చేతులు ఎత్తమన్నారు. అన్ని చేతులూ లేచాయి. వాచ్‌మన్ ఏర్పాటు ఉంటుంది, గది అమ్మేది లేదు. రెనాతో అది రాసి అందరితో సంతకాలు చేయించాడు. ఈసారి ప్రతి ఒక్కరూ చదివి మరీ పెట్టారు. ఇంజనీరు ఎప్పుడు పైకి వెళ్ళాడో ఎవరూ చూడలేదు.

జనం వెళ్ళిపోయాక దొన్న లివియా మాత్రం కదల్లేదు. "లోపలికి రావచ్చా?" అని అడిగి, మొదటిసారి ఆ గదిలో అడుగు పెట్టింది. మంచం అంచున, చుట్టిన రాగి గిన్నెల పక్కన కూర్చుంది. కిటికీ వైపు చూసింది. గోడ, పైపులు, పైన తన వంటింటి కిటికీ. బుట్ట విప్పేసిన తాడు కొస అక్కణ్ణుంచి ఇంకా వేలాడుతోంది.

"ఇక్కణ్ణుంచి ఇదేనా కనపడేది?"

"ఇదే" అంది తితీనా. "మీరు ఏ పూట ఏం వండుతున్నారో వాసనొస్తుంది. అదొక కాలక్షేపం."

దొన్న లివియా నవ్వబోయింది గానీ కళ్ళు ముందు నిండాయి. చేతి గుడ్డ కోసం వెతుక్కుంటే మిరెల్లా తన ఆప్రాన్ కొంగు ఇచ్చింది. అది తితీనా ఆప్రానే, ట్రే తీసుకున్నప్పుడు తను కట్టుకుంది.

"అత్తయ్యా, నిన్న నేను అన్నవి..."

"అన్నవన్నీ నిజమే. ఇప్పుడు వెనక్కి తీసుకోకు, నేను మళ్ళీ మొదలుపెడతాను." ఆవిడ కళ్ళు తుడుచుకుని తితీనా వైపు తిరిగింది. "రేపటి నుంచి పొద్దున కాఫీ పైన. వంటింట్లో కాదు, టెర్రస్ మీద. సముద్రం వైపు కుర్చీ నీకు."

"సరే దొన్న లివియా. ట్రే నేను తెస్తాను..."

"నువ్వు తేవద్దు. కాఫీ నేను పెడతాను."

"మీరా? మీకు పెట్టడం వచ్చా?"

"రాదు" అంది దొన్న లివియా. "మాడ్చినా తాగాలి."

మిరెల్లా గోడ మీది తెల్లటి మచ్చ చూసింది. మంచం కింద నుంచి సాన్ జెన్నారో పటం తీసి, దుమ్ము ఏమీ లేకపోయినా కొంగుతో తుడిచి, మేకుకు తగిలించింది. పటం కొంచెం పక్కకు ఒరిగింది. వెనక నుంచి అమ్మ చెయ్యి వచ్చి దాన్ని సరిచేసింది. ఆ చెయ్యి తర్వాత కూతురి భుజం మీద ఆగింది.